ఈ-రిక్షాలో నాలుగు బ్యాటరీలు ఉంటే ఒక్కటే ముందు ఎందుకు పోతోంది? కార్బన్ కలిపినవి కొనవచ్చా?

ప్రశ్న (తెనాలి నుంచి, ఈ-రిక్షా నడిపే సభ్యుడు)

అందరికీ నమస్కారం. నాది నాలుగు 12 వోల్టుల బ్యాటరీలున్న 48 వోల్టుల ఈ-రిక్షా. నీళ్లు పోసుకునే రకం లెడ్-యాసిడ్ బ్యాటరీలు, ఒక్కొక్కటి 100 ఆంపియర్-అవర్. కొని ఏడాది కూడా కాలేదు. మొదట్లో సాయంత్రం దాకా నడిచేది, ఇప్పుడు మధ్యాహ్నానికే నీరసపడుతోంది. వంతెన ఎక్కేటప్పుడు నలుగురు కూర్చుంటే మీటరులో ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతోంది.

షాపులో చూపిస్తే, చివరి బ్యాటరీ ఒక్కటే బలహీనపడింది, దాన్ని మార్చేద్దాం అన్నారు. ఇంకో షాపులో నాలుగూ తీసేసి కార్బన్ టెక్నాలజీ బ్యాటరీలు వేయించుకోమన్నారు, రెట్టింపు రోజులు వస్తాయట. తోటి డ్రైవర్లలో ఒకరు జెల్ బ్యాటరీ అంటారు, ఇంకొకరు లిథియం అంటారు. అప్పు తీరకముందే మళ్లీ అప్పు చేయాలంటే భయంగా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (రాజమహేంద్రవరం, బ్యాటరీ సర్వీసు పని చేసే సభ్యుడు)

ఇప్పుడే ఏదీ కొనకండి. ముందు నాలుగు విషయాలు చెప్పండి.

రాత్రి పూర్తిగా చార్జింగ్ పెట్టి, పొద్దున్న తీశాక రెండు మూడు గంటలు బండి కదపకుండా ఉంచి, ఒక్కో బ్యాటరీ వోల్టేజి మల్టీమీటరుతో విడివిడిగా చూడండి. తర్వాత యాసిడ్ చిక్కదనాన్ని, అంటే గ్రావిటీని, కొలిచే హైడ్రోమీటరుతో ప్రతి సెల్‌లోనూ గ్రావిటీ చూసి రాసుకోండి. ఒక బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి కాబట్టి మొత్తం 24 అంకెలు వస్తాయి. హైడ్రోమీటరు ఖరీదైన వస్తువు కాదు, ఈ బండి నడిపేవారి ఇంట్లో ఒకటి ఉండి తీరాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి.

చార్జరు ఎన్ని ఆంపియర్లది? రాత్రి ఎన్ని గంటలు పెడుతున్నారు? చివరగా, లైట్లు, హారన్, పాటల పెట్టె వీటికి 12 వోల్టులు ఎక్కడి నుంచి తీశారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు తప్పకుండా కావాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అన్నగారూ, చూశాను. మొదటి మూడు బ్యాటరీలు 12.58, 12.61, 12.55. నాలుగోది 12.18. గ్రావిటీ మొదటి మూడింటిలో 1.250 నుంచి 1.260 మధ్య ఉంది. నాలుగోదానిలో ఆరు సెల్స్‌లోనూ 1.180 నుంచి 1.190 లోపే. చార్జరు 15 ఆంపియర్లది. రాత్రి పదింటికి పెట్టి పొద్దున్న ఐదింటికి తీసేస్తాను, స్టేషనుకు మొదటి ట్రిప్పు ఉంటుంది. అప్పటికి పచ్చ లైటు ఒక్కోరోజు వస్తుంది, ఒక్కోరోజు రాదు.

లైట్లు, పాటల పెట్టె, ఫోను చార్జింగు అన్నీ నాలుగో బ్యాటరీ నుంచే. బండి అమ్మినవారే అలా వైరు లాగి ఇచ్చారు.

జవాబు (రాజమహేంద్రవరం)

దొరికింది. ఆ బ్యాటరీలో తయారీ లోపం ఏమీ లేదు. దాని చేత మీరు రెండు ఉద్యోగాలు చేయిస్తున్నారు.

మోటారు నాలుగింటి నుంచీ సమానంగా కరెంటు లాగుతుంది. లైట్లు, పాటలు మాత్రం నాలుగో దాని నుంచే పోతున్నాయి. చార్జరు మాత్రం నాలుగింటినీ వరుసగా కలిపి ఒకే కరెంటు ఇస్తుంది. అంటే ఎక్కువ ఖర్చయిన బ్యాటరీకీ, తక్కువ ఖర్చయిన బ్యాటరీకీ ఒకే జీతం. ఆ నాలుగోది ప్రతిరోజూ కొంచెం కొంచెం వెనకబడుతూ, నెలలు గడిచేసరికి ఎప్పుడూ నిండని స్థితికి వచ్చింది.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. బండి కంట్రోలరు మొత్తం వోల్టేజి చూసి ఆపుతుంది. సాధారణంగా 42 వోల్టుల దగ్గర ఆగేలా పెడతారు, అంటే ఒక్కో బ్యాటరీ 10.5 దగ్గర ఆగాలని లెక్క. మీ బండిలో మంచి బ్యాటరీలు మూడూ 11.2 దగ్గర ఉంటే మొత్తం 33.6. కంట్రోలరు ఇంకా 42 ఉందని అనుకుంటోందంటే నాలుగోది 8.4కి పడిపోయిందన్నమాట. ఆ కట్-ఆఫ్ మీ బలహీనమైన బ్యాటరీని కాపాడదు. వంతెన మీద ముల్లు పడిపోవడం అదే.

నాలుగోదానిలో ఆరు సెల్స్ ఒకేలా తక్కువగా ఉన్నాయి కాబట్టి నాకు ఆశ ఉంది. ఒక్క సెల్ మాత్రమే పడిపోయి మిగిలిన ఐదూ బాగుంటే లోపల షార్ట్ అయిందని చెప్పి వదిలేసేవాణ్ని. ఇలా చేయండి. ఆ బ్యాటరీని వరుస నుంచి విడదీసి, గాలి ఆడే చోట పెట్టి, 12 వోల్టుల చార్జరుతో 5 ఆంపియర్ల దగ్గర నిదానంగా చార్జ్ చేయించండి. గంటకోసారి గ్రావిటీ చూస్తూ ఉండండి. వరుసగా మూడుసార్లు అంకె మారకపోతే అక్కడికి అయినట్టే. మధ్యలో బ్యాటరీ చేయి పెట్టలేనంత వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టండి. గ్రావిటీ 1.250 దాటిందంటే మీ డబ్బు మిగిలింది. ఒక రోజు పైగా చార్జ్ చేసినా 1.200 దగ్గరే కూర్చుంటే ఇక లాభం లేదు.

ఎవరైనా యాసిడ్ పోసి గ్రావిటీ పెంచుతామంటే పోయనివ్వకండి. అంకె పెరుగుతుంది గానీ బ్యాటరీ నిండదు, ప్లేట్లు ఇంకా తొందరగా తినేస్తుంది. పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే, అది కూడా చార్జింగ్ అయ్యాక. చార్జింగ్‌కు ముందు ప్లేట్లు బయటికి కనిపిస్తుంటే అవి మునిగేంత వరకే పోసి, మిగతాది తర్వాత పోయండి.

ఇదంతా చేసి పాత వైరింగే ఉంచితే మళ్లీ ఇదే కథ. 48 నుంచి 12 వోల్టులకు మార్చే డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టించి, లైట్లూ పాటలూ దాని మీదికి మార్చండి. అప్పుడు భారం నాలుగింటి మీదా సమానంగా పడుతుంది. కొత్త బ్యాటరీలకు పెట్టే డబ్బులో అది చాలా చిన్న భాగం.

జవాబు (వరంగల్, రసాయనశాస్త్ర అధ్యాపకురాలు)

పై సభ్యుడు చెప్పినదంతా సరైనదే. కార్బన్ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఈ మధ్య అందరూ ఆ మాట చూపించి అమ్ముతున్నారు. అది నిజమైన పురోగతే. కాకపోతే ఏ జబ్బుకు మందో తెలుసుకుని కొనాలి.

లెడ్-యాసిడ్ బ్యాటరీలో నెగటివ్ ప్లేటు స్పంజిలాంటి సీసం, పాజిటివ్ ప్లేటు లెడ్ డయాక్సైడు. కరెంటు వాడుతున్నప్పుడు రెండు ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది, యాసిడ్ పలచబడుతుంది. గ్రావిటీ చూస్తే చార్జ్ తెలిసేది అందుకే. వెంటనే, పూర్తిగా చార్జ్ చేస్తే ఆ సల్ఫేటు కరిగిపోతుంది. సగం సగం చార్జ్‌తో రోజులు గడిపితే సన్నని స్ఫటికాలు కలిసి పెద్దవై గట్టిపడతాయి, ముఖ్యంగా నెగటివ్ ప్లేటు మీద. దాన్నే సల్ఫేషన్ అంటారు. మీ నాలుగో బ్యాటరీకి వచ్చింది ఇదే.

పెట్రోలు ఇంజను, కరెంటు మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ కార్లలో ఈ జబ్బు తప్పించుకోలేనిది. బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటు పట్టుకోవడానికి చోటు ఉండాలి కాబట్టి హైబ్రిడ్ బ్యాటరీని ఎప్పుడూ పూర్తిగా నింపరు. మామూలు లెడ్-యాసిడ్ బ్యాటరీ ఆ వాడకంలో త్వరగా చచ్చిపోయేది. 1990ల నుంచీ ఈ రంగంలో జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరిగింది. జవాబుగా దొరికింది కార్బన్. నెగటివ్ ప్లేటు ముద్దలో అంతకుముందూ చిటికెడు కార్బన్ వేసేవారు. ఆ మోతాదు పెంచి, సరైన రకం ఎంచుకుంటే సల్ఫేటు స్ఫటికాలు పెద్దవి కావడానికి చోటు దొరకదు, కరెంటు ప్లేటంతా పాకుతుంది, చార్జ్ వేగంగా ఎక్కుతుంది.

ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ పరిశోధకులు ఇంకో అడుగు ముందుకు వేసి, నెగటివ్ వైపు సీసం ప్లేటుతో పాటు కార్బన్ కెపాసిటర్ ప్లేటును కూడా ఒకే సెల్‌లో అమర్చారు. అల్ట్రాబ్యాటరీ అని దాని పేరు. జపాన్‌లోని ఫురుకవా సంస్థ తయారు చేసింది. హోండా ఇన్‌సైట్ హైబ్రిడ్‌లో అసలు ఉన్న నికెల్ బ్యాటరీ తీసేసి దీన్ని పెట్టి, బ్రిటన్‌లోని మిల్‌బ్రూక్ పరీక్షా ట్రాక్ మీద 1,00,000 మైళ్లు నడిపారు. 2008లో ఆ పరీక్ష పూర్తయింది. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త ప్లాంటే కనిపెట్టిన ఈ లెడ్-యాసిడ్ బ్యాటరీ అంత దూరం వచ్చిందని చదివినప్పుడు నాకు నిజంగా సంతోషం కలిగింది, ఇప్పటికీ తరగతిలో ఆ ఉదాహరణ చెబుతాను.

అయితే ఆ హైబ్రిడ్ రోజుకు వందలసార్లు కొంచెం కొంచెం తీసి, కొంచెం కొంచెం నింపుకుంటుంది. ఎప్పుడూ అడుగంటదు. మీ ఈ-రిక్షా రోజూ అడుగంటుతుంది. అలా లోతుగా వాడినప్పుడు ముందుగా అరిగేది పాజిటివ్ ప్లేటు. దాని మీది పదార్థం మెత్తబడి రాలిపోతుంది. నెగటివ్ ప్లేటులో ఎంత కార్బన్ వేసినా పాజిటివ్ ప్లేటు రాలడం ఆగదు. దానికి మందు వేరు: మందమైన ప్లేట్లు, లేదా పదార్థాన్ని గొట్టాల్లో బిగించి ఉంచే ట్యూబులర్ ప్లేట్లు.

అందుకని పాత బ్యాటరీలు ఏ ప్లేటు వల్ల పోయాయో ముందు చూసుకోండి. గ్రావిటీ ఎప్పుడూ తక్కువగా ఉండి, నిదానంగా చార్జ్ చేస్తే పైకి లేస్తే అది సల్ఫేషన్. చార్జింగ్ సరిగా అందక వచ్చింది, కార్బన్ అక్కడ పనికొస్తుంది. గ్రావిటీ నిండుగా చూపిస్తూనే బండి దూరం పోకపోతే, హైడ్రోమీటరులోకి పీల్చిన యాసిడ్ గోధుమ రంగులో మురికిగా ఉంటే, పాజిటివ్ ప్లేటు రాలుతోంది. అప్పుడు ట్యూబులర్ వైపు వెళ్లండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

మేడం గారూ, చాలా బాగా చెప్పారు. యాసిడ్ తేటగానే ఉంది. మరి మిగిలిన మూడు బ్యాటరీల గ్రావిటీ కూడా 1.250 దగ్గరే ఉంది కదా, అది నిండినట్టేనా?

జవాబు (రాజమహేంద్రవరం)

పూర్తిగా నిండలేదు. మీ బ్యాటరీ కంపెనీ ఇచ్చిన కాగితంలో నిండు గ్రావిటీ ఎంతో చూడండి. వాహనాల బ్యాటరీల్లో సాధారణంగా 1.270, 1.280 దాకా ఉంటుంది. మీవి అన్నీ కొంచెం ఆకలితోనే ఉన్నాయి.

లెక్క చూడండి. రోజూ 80 ఆంపియర్-అవర్లు వాడితే, పోయే నష్టం కలిపి 90 పైగా తిరిగి పెట్టాలి. 15 ఆంపియర్ల చార్జరు ఏడు గంటలకు 105 ఇస్తుందని అనిపిస్తుంది. కానీ మొదటి 80 శాతం వరకే అది పూర్తి కరెంటు ఇస్తుంది. నాలుగు బ్యాటరీలు కలిపి 57, 58 వోల్టులకు చేరాక కరెంటు తగ్గుతూ పోతుంది. చివరి 20 శాతం ఎక్కడానికి ముందు 80 శాతానికి పట్టినంత సమయం పట్టినా ఆశ్చర్యం లేదు. మీరు సరిగ్గా ఆ చివరి భాగాన్నే రోజూ కోసేస్తున్నారు.

రాత్రి ఎనిమిదింటికే పెట్టగలిగితే పెట్టండి. కుదరకపోతే మధ్యాహ్నం భోజనం వేళ గంట సేపు పెట్టండి, ఆ సమయంలో ఖాళీ బ్యాటరీ కరెంటు బాగా తీసుకుంటుంది, సాయంత్రానికి అడుగంటదు. వారానికి ఒకరోజైనా పచ్చ లైటు వచ్చాక ఇంకో రెండు మూడు గంటలు అలాగే ఉంచండి. బుడగలు బాగా వస్తాయి, అడుగున చిక్కబడ్డ యాసిడ్ కలుస్తుంది, వెనకబడిన సెల్స్ మిగతావాటిని అందుకుంటాయి. నీళ్లు పోసుకునే బ్యాటరీకి మాత్రమే ఇలా చేయాలి. సీల్ చేసిన దానికి చేస్తే లోపల తడి ఆరిపోతుంది.

ఆ బుడగలు హైడ్రోజన్. గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పడకగదిలో, మూసిన వరండాలో చార్జింగ్ పెట్టవద్దు.

జవాబు (విశాఖపట్నం, ఎలక్ట్రిక్ వాహనాల డీలరు దగ్గర పనిచేసే సభ్యుడు)

ఇంత శ్రమ ఎందుకండీ, లిథియం వేసుకుంటే సరిపోతుంది కదా. లిథియం ఐరన్ ఫాస్ఫేటు అయితే నీళ్లు అక్కర్లేదు, సగం చార్జ్‌లో ఉంచినా సల్ఫేషన్ ఉండదు. లెడ్-యాసిడ్ కిలోకు 30 నుంచి 40 వాట్-అవర్లు ఇస్తే ఇది 100 పైన ఇస్తుంది. నాలుగు సీసం బ్యాటరీల బరువు క్వింటాలు దాకా ఉంటుంది, ఆ బరువంతా మోటారే మోయాలి.

జవాబు (వరంగల్)

మీరు చెప్పిన గుణాలన్నీ నిజమే, కొత్త బండి కొనేవారికి నేనూ అదే చెబుతాను. కానీ ఇక్కడ అడిగినవారికి బాగుపడే అవకాశమున్న బ్యాటరీలు చేతిలో ఉన్నాయి, నెత్తిన అప్పు ఉంది. లిథియం వేస్తే చార్జరు మార్చాలి, బ్యాటరీని కాపాడే బీఎంఎస్ ఉండాలి, ఆ మార్పుకు వాహన ధృవీకరణ, బీమా ఒప్పుకోవాలి. ఊరూపేరూ లేని ప్యాకు చవకగా వస్తోందని వేయించుకోవడం కంటే ఉన్న సీసం బ్యాటరీని సరిగా చూసుకోవడం క్షేమం.

జెల్ గురించి కూడా అడిగారు. యాసిడ్ జెల్లీలా చిక్కబడి ఉండే సీల్ చేసిన రకం అది. నీళ్ల పని ఉండదు, నిజమే. కానీ దానికి చార్జింగ్ వోల్టేజి తక్కువ ఉండాలి. మీ ఇప్పటి చార్జరుతో వాడితే లోపల తడి ఆరిపోతుంది, మళ్లీ నీళ్లు పోసే దారి లేదు. పైగా మన ఎండలు చూడండి. ఏ లెడ్-యాసిడ్ బ్యాటరీకైనా వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజి తగ్గించే చార్జరు దొరికితే అది ఏ రకం బ్యాటరీకైనా మేలు. 24 సెల్స్ ఉన్న మీ బండికి డిగ్రీకి దాదాపు 0.1 వోల్టు లెక్క. మే నెలలో బ్యాటరీ 40 డిగ్రీలు ఉంటే, 25 డిగ్రీలకు పెట్టిన వోల్టేజి కన్నా దాదాపు వోల్టున్నర తక్కువ సరిపోతుంది.

మరో ప్రశ్న (హైదరాబాదు, కారు యజమాని)

ఈ చర్చకు దగ్గరిదే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. మాది ఎలక్ట్రిక్ కారు. ఊరెళ్లి మూడు వారాల తర్వాత వచ్చి చూస్తే తలుపు కూడా రిమోటుతో తెరుచుకోలేదు. పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉందని ఫోనులో చివరిసారి చూశాను. మెకానిక్ వచ్చి 12 వోల్టుల బ్యాటరీ పోయిందన్నారు. ఎలక్ట్రిక్ కారులో మళ్లీ సీసం బ్యాటరీ ఏమిటి?

జవాబు (రాజమహేంద్రవరం)

చాలా ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో అది ఉంటుందండీ. కారు కంప్యూటర్లు, తాళాలు, లైట్లు 12 వోల్టుల మీదే పనిచేస్తాయి. పెద్ద బ్యాటరీని మోటారుతో కలిపే స్విచ్చులను మూయడానికి కూడా ఆ కరెంటే కావాలి. అందుకే పెద్దది నిండుగా ఉన్నా చిన్నది పడుకుంటే కారు కదలదు. డాష్ కెమెరా లాంటివి ఆపకుండా ఉంచి వెళ్తే వారాల్లోనే ఖాళీ అవుతుంది. ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే కెమెరా తీగ పీకి వెళ్లండి, మీ కారు పుస్తకంలో అలాంటప్పుడు ఏం చేయాలో రాసి ఉంటుంది, అది చూడండి. కొత్తది కొనేటప్పుడు అసలు ఏ రకం ఉందో అదే రకం వేయించండి. క్యాబిన్‌లోనో డిక్కీలోనో ఉంటే గ్యాస్ బయటికి పోయే గొట్టం మళ్లీ బిగించారో లేదో చూసుకోండి.

సిగ్నలు దగ్గర ఇంజను దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యే పెట్రోలు కార్లకూ ఇదే మాట. వాటిలో ఈఎఫ్‌బీ (బలపరచిన నీళ్ల రకం) గానీ ఏజీఎం (యాసిడ్‌ను గాజు పీచు పీల్చి ఉంచే సీల్ చేసిన రకం) గానీ ఉంటుంది. ఏజీఎం ఉన్నచోట ఏజీఎం మాత్రమే వేయాలి. ఈఎఫ్‌బీ ఉన్నచోట ఈఎఫ్‌బీ గానీ ఏజీఎం గానీ వేయవచ్చు. చవకని మామూలు బ్యాటరీ పెడితే కొద్ది నెలల్లోనే ఆ సౌకర్యం పనిచేయడం మానేస్తుంది. కొన్ని కార్లలో బ్యాటరీ మార్చినట్టు కంప్యూటర్‌కు కూడా తెలియజేయాలి, సర్వీసు సెంటరులో అడిగి చేయించుకోండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అన్నగారూ, మేడం గారూ, నాలుగో బ్యాటరీని షాపులో రెండు రాత్రులు నిదానంగా చార్జ్ చేయించాను. గ్రావిటీ 1.245 దాకా వచ్చి ఆగింది. కన్వర్టర్ పెట్టించి పాటల పెట్టె వైరు మార్చాను. వంతెన మీద ముల్లు ఇప్పుడు అంతగా పడటం లేదు. ఒక్కటే సందేహం. మళ్లీ అది పడిపోతే ఒక్కదాన్నే కొత్తది వేయవచ్చా? కొత్తవి కొనేటప్పుడు ఏమేం అడగాలి?

జవాబు (రాజమహేంద్రవరం)

1.245 అంటే నేను అనుకున్నంత రాలేదు, కానీ వాడుకోవచ్చు. వారం వారం ఆ అదనపు చార్జింగ్ మానకండి. నెలకోసారి 24 అంకెలూ పుస్తకంలో రాయండి, ఏది వెనకబడుతోందో ముందే తెలుస్తుంది.

ఒక్కటే కొత్తది వేస్తే పాతవాటి మధ్య అది కూడా చెడిపోతుంది, పాతవి త్వరగా వోల్టేజి చూపించి చార్జరును ముందే తగ్గిస్తాయి. తప్పనిసరైతే దాదాపు అంతే వయసున్న, అదే కంపెనీ, అదే సైజు వాడిన బ్యాటరీ వెతికి, విడిగా నిండా చార్జ్ చేసి కలపండి.

నాలుగూ కొనేరోజు వస్తే, 100 అని రాసినది ఎన్ని గంటల లెక్కో అడగండి. 20 గంటల లెక్క మీద 100 ఉన్న బ్యాటరీ, మీలా ఐదు గంటల్లో ఖాళీ చేస్తే 80 చిల్లరే ఇస్తుంది. ఒకే సైజు రెండు రకాలుంటే కాటా మీద పెట్టి చూడమనండి, బరువైనదానిలో సీసం ఎక్కువ. తయారైన నెల చూడండి, షాపులో నెలల తరబడి చార్జ్ లేకుండా పడి ఉన్నది వద్దు. కార్బన్ అని చెబితే చార్జింగ్ వోల్టేజి ఎంతో కాగితం మీద చూపించమని అడగండి, మీ చార్జరుతో సరిపోవాలి. ట్యూబులర్, మందమైన ప్లేట్లు ముందు, కార్బన్ ఆ తర్వాత. రెండూ ఉంటే మంచిదే. వారంటీలో పూర్తిగా కొత్తది ఇచ్చే నెలలెన్నో, ధరలో తగ్గింపు ఇచ్చే నెలలెన్నో విడివిడిగా రాయించుకోండి.

పాత బ్యాటరీలు పాత సామాన్లవారికి ఇవ్వకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. డీలరు దగ్గర మార్పిడి ధర వస్తుంది, బిల్లులో ఆ మొత్తం వేరుగా చూపించమనండి. ఊరి చివర బట్టీలో పగలగొట్టి కరిగిస్తే ఆ సీసం పొగ, ఒలికిన యాసిడ్ అక్కడ ఆడుకునే పిల్లల మీదికే వస్తాయి. నాలుగైదు వందలు ఎక్కువ ఇస్తామన్నా వాళ్లకు ఇవ్వవద్దు.